అక్షర దాసోహము



మన తెలుగునాట బిడ్డకు అక్షరాభ్యాసము చేయునాడు మొదట దిద్దించునది "ఓం నమః శివాయ సిద్ధం నమః" అను వాక్యము. ఓనమాలు అను మాటకు పుట్టుక అదియే. ఏ కులమువారి యింటనైనను, ఏ దైవమును కొలుచువారి యింటనైనను చదువు మొదలుపెట్టుటకు ఓనమాలు దిద్దుట యనియే పేరు. శివనామము తెలుగువాని నోట చదువునకు మారుపేరై నిలిచినదని మనము సంతోషింతుము. సంతోషింపవలసినదే. కాని ఆనాటి తంతులో నేను మీ దృష్టికి తేదలచినది మంత్రమును గాదు, ఆ చేతిని. పళ్ళెములో బియ్యము పోసి, బిడ్డ చూపుడువ్రేలిని గురువు తన చేతిలోనికి తీసికొని, ఆ వ్రేలితోనే అక్షరము వ్రాయించును. గురువు చేయి పైన, బిడ్డ చేయి క్రింద. ఆ ఘడియలో ఆ గురువునకు ఆ బిడ్డ తప్ప వేరొక శిష్యుడు లేడు.

మరునాటినుండి ఆ బిడ్డ నలువదిమందిలో ఒకడగును. ఆ చేతిని మరల పట్టుకొనువాడు సాధారణముగా ఉండడు.

ఇట్టి బిడ్డ ఎనిమిదవ తరగతికి వచ్చినప్పుడు వాని పుస్తకము తెరచి చూడుడు. చేవ్రాలు ముత్యములవలె ఉండవచ్చును. ప్రతి పుటయందును ఎఱ్ఱసిరాతో సరియన్న గుర్తు ఉండవచ్చును. "కొబ్బరిచెట్టును కల్పవృక్షమందురు" అని మొదలైన వ్యాసము తప్పులేకుండ ఉండవచ్చును. ఆ బిడ్డ తండ్రి కోనసీమలో కొబ్బరి దింపు తీసి బ్రతుకువాడనుకొందము. ఏ గెల ముదిరినదో, వాన కురిసిన మరునాడు మాను ఎక్కుట ఎందుకు ప్రమాదమో, చెట్టునకింత యని కూలి ఎట్లు కట్టుదురో ఆ బిడ్డకు తెలియును. మీ నాయన పనిని గూర్చి నీ మాటలలో నాలుగు వాక్యములు వ్రాయుమనగానే చేయి ఆగిపోవును. "అది పరీక్షలో వచ్చునా?" అని అడుగును. పుస్తకములోని వ్యాసము గైడునుండి ఎక్కించినది. వాని తలలోని వ్యాసము కాగితముమీదికి రాలేదు.

ఇది ఉపాధ్యాయుని దోషమని నేననను. లెక్క చూడుడు. నలువది పుస్తకములు, ఒక్కొక్కదానిని చదివి, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మాటలాడుటకు అయిదు నిమిషములే అనుకొన్నను రెండువందల నిమిషములు, అనగా మూడు గంటల ఇరువది నిమిషములు. ఒక్క తరగతికి, ఒక్క వ్యాసమునకు! ఏ ఉపాధ్యాయునకును రోజులో అంత వ్యవధి లేదు. అందుచేత గుర్తు పెట్టి పంపివేయుట తప్ప గత్యంతరము లేకపోవుచున్నది.

డెల్టావాసులమైన మనకు ఈ చిక్కు తెలియనిది గాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. నది నిండ నీరున్నంతమాత్రమున పైరు పచ్చబడదు. ప్రధాన కాలువనుండి పిల్లకాలువకు, పిల్లకాలువనుండి పంటబోదెకు, బోదెనుండి గట్టు తెంపిన మడికి నీరు ఒక్కొక్కటిగా చేరవలెను. కాలువ మొదట నున్న పొలమునకు నీరు ఎక్కువై మురుగు పట్టుచుండగా, చివర నున్న శివారు పొలము నెఱ్ఱెలు విచ్చుటను మనము ఎన్నిమారులు చూడలేదు? తరగతిగది ప్రధాన కాలువ వంటిది. అది ఉండవలసినదే. కాని అందులోనుండి శివారున కూర్చున్న బిడ్డదాక బోదె త్రవ్వువారు కావలెను. వారికి ఉద్యోగపు ఉత్తరువు అక్కరలేదు. వారమున కొక గంట తీరిక, తెలుగు చదివి వ్రాయగల శక్తి, ఎదుటివాని మాట వినునంత ఓర్పు చాలును.

ఒక్క గురువు, ఒక్క శిష్యుడు అను పద్ధతి వీరశైవులకు క్రొత్తది కాదు. మన దీక్షను స్మరింపుడు. గురువు శిష్యుని శిరస్సుపై చేయి నుంచును. హస్తమస్తక సంయోగమనునది ఇదియే. చెవిలో మంత్రము నుపదేశించును. కరతలమున ఇష్టలింగము నుంచును. వేధా, మంత్ర, క్రియా దీక్షలని పేరొందిన ఈ మూడింటిలో ఏ ఒక్కటియు గుంపునకు చేయదగినది కాదు. పదిమంది తలలపై ఒకేమారు చేయి నుంచగలవాడు లేడు. ఒకని లింగము వేరొకనికి పనికిరాదు. దేవాలయములో అందరకు కలిపి ఒక మూర్తి యుండగా, శరణునకు తన అరచేతిలో తనదైన మూర్తి యుండుటలోని ఆంతర్య మేమి? ప్రతి మనుష్యునితోను వేరువేరుగా మాటలాడవలసిన అవసరము కలదనియే గదా!

ఇక్కడ మన జిల్లా చరిత్రలోని ఒక లెక్కను మీ ముందుంచెదను. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టరులనుండి బడుల వివరములు తెప్పింప నారంభించెను. ఆ పత్రములను ధర్మపాల్ అను పరిశోధకుడు 1983లో గ్రంథముగా వెలువరించెను. అందు రాజమహేంద్రవరము జిల్లాలో ఉన్నతవిద్య చెప్పు స్థానములు 279 అనియు, వానిలోని విద్యార్థులు 1,454 మంది అనియు ఉన్నది. భాగించి చూడుడు. ఒక్కొక్క చోట సుమారు అయిదుగురే! గురువు ఎదుట అయిదుగురు కూర్చున్నప్పుడు ఎవనికి ఏది రాలేదో గురువునకు తెలియకుండునా? ఈ గోదావరీతీరమున అట్టి చదువు వర్ధిల్లినదని గర్వింపవచ్చును. కాని ఆ అయిదుగురు ఎవరి బిడ్డలు? ఆ చదువు దాదాపుగా ఒక్క వర్ణమువారికే పరిమితమైనది. గురువు సామీప్యమను భాగ్యము పుట్టుకతో లభించునదిగా ఉండెను.

12వ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరులు మార్చ పూనుకొన్నది దీనినే. గురువుయొక్క చేయి చాకలి శిరస్సునకును, చెప్పులు కుట్టువాని శిరస్సునకును, స్త్రీ శిరస్సునకును అందవలెనని వారు పట్టుపట్టిరి. అందినంతట ఆగలేదు. ఆ శిరస్సులో మెదలినది మాటగా వెలువడవలెను. అనుభవమంటపమున అల్లమప్రభువు అధ్యక్షతన జరిగిన గోష్ఠులలో మడివాళ మాచయ్య మాటలాడెను. వీథులూడ్చు సత్యక్క మాటలాడెను. ముప్పదిమందికి పైగా స్త్రీల వచనములు నేటికిని లభించుచున్నవి. ఆ కాలపు ప్రపంచమున వేరొకచోట ఇట్టిది జరిగినట్లు నేను వినలేదు. వచనమనగా పలికినది అని అర్థము. ఛందస్సు రానివాడు, సంస్కృతము రానివాడు, తన వృత్తిలోని మాటలతో తన దేవునిగూర్చి, తన అనుమానములగూర్చి, తన కోపమునుగూర్చి పలికినది వచనము.

మనము ఏటియొడ్డువారము గనుక అంబిగర చౌడయ్యను ప్రత్యేకముగా తలచుకొందము. ఆయన పడవ నడుపువాడు. వచనము చివర తన ఇష్టదైవము పేరును ముద్రగా నుంచుట శరణుల వాడుక. చౌడయ్య మాత్రము తన పేరునే, తన వృత్తి పేరుతో కలిపి, ముద్రగా నుంచుకొనెను. పడవవాడనని దాచుకొనలేదు. తన మాట క్రింద తన పేరుతో నిలువబడెను. ఎనిమిది వందల యేండ్లు దాటినను ఆ సంతకము చెరుగలేదు. అది నిలుచుటకు కారణము ఎవరెవరో పేరు తెలియనివారు తాటాకులపై దానిని ఎక్కించుటయు, విజాపురమున న్యాయవాదియైన ఫ. గు. హళకట్టిగారు ఇంటింట తిరిగి ఆ తాటాకులను సేకరించి, 1923లో వచనశాస్త్రసారమను పేర అచ్చు వేయుటయు. తెనుగున మన ద్రాక్షారామమునకు చెందిన మల్లికార్జున పండితారాధ్యులు శివతత్త్వసారమును రచించిరి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జనులు పాడుకొనదగిన ద్విపదలో చెప్పెను. మన మతము పలికినవారిది, పలికినదానిని వ్రాసినవారిది. అట్టి మతమున పుట్టి, పొరుగింటి బిడ్డ నాలుగు వాక్యములు వ్రాయలేకుండుటను చూచుచు ఊరకుందుమా?

ఇక ఏ భాషలో వ్రాయింపవలెనను ప్రశ్న కలదు. ఇందు మనకు దారి చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లోనే, మన్రో అడిగిన వివరములను పంపుచు, తెలుగు కన్నడ బడులలో బాలురు ఇసుకలో వ్రాసి నేర్చుటను, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పుటను మెచ్చుకొనెను. కాని వారు వల్లించు కావ్యభాష వాడుకభాషకు దూరమగుటచే అక్షరము పలుకుటయే గాని అర్థము గ్రహించుట లేదని ఎత్తిచూపెను. తరువాత ఎనుబది తొంబది ఏండ్లకు గిడుగువారు పట్టుకొన్న సమస్య ఇదియే. బడిపిల్లవాడు తాను మాటలాడని భాషలో వ్యాసము వ్రాయవలసివచ్చినచో కంఠస్థము చేయక ఏమి చేయును? 1919లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము నెలకొల్పబడినది. పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరగా గిడుగువారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరమునకే వచ్చి స్థిరపడిరి. (గిడుగువారిని పొగడుచు గ్రాంథికమున వ్రాయుచున్నాడేమని మీరు నవ్వుకొనవచ్చును. ఇట్టి పుటలకు ఇదియే మర్యాదగా స్థిరపడినది. బిడ్డల పుస్తకములకు గాదు.)

గిడుగువారి వాదములకంటె వారి ఆచరణ నాకు మిన్నగా తోచును. సవరల భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. ఆయన సవరభాష తెలిసిన వానిని ఇంటనుంచుకొని, ఎదురెదురుగా కూర్చుండి, మాట వెంట మాట నేర్చుకొనెను. ముందు తాను శిష్యుడయ్యెను. ఆ తరువాతనే వాచకములు వ్రాసెను, సొంత వ్యయముతో సవర బిడ్డలకు బడి నడిపెను. ప్రభుత్వమువారు పారితోషిక మీయబోగా తనకు ధనము వలదని, ఆ ధనముతో సవరలకు వారి భాషలో చెప్పు బడి పెట్టుడని కోరెను. దాసోహమను మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నేనెరుగను. దానము చేయువాడు పైనుండి ఇచ్చును. దాసోహము చేయువాడు ఎదుటివానియందు శివుని చూచి, నేను దాసుడనని ఇచ్చును. వ్రాత నేర్పబోవువాడు ఏ విధముగా కూర్చుండవలెనో దీనివలన తెలియుచున్నది. చాప ఒక్కటే కావలెను. కుర్చీ మీద ఒకరు, నేలమీద ఒకరు గారాదు.

ఆ గంట ఎట్లు గడువవలెనో కొంత వివరముగా చెప్పెదను. ఏలయన సద్భావము ఉండియు పద్ధతి తెలియక చెడగొట్టినవారు పెక్కురు.

మొదట బిడ్డ చేత మాటలాడింపుడు. కలము తీయనీయకుడు. నిన్న ఏమి జరిగినది, గోదావరికి వరద వచ్చినప్పుడు లంకలోని మీ యింట ఏమి చేసిరి, మీ అమ్మ నారుమడిలో పని ఎట్లు చేయును అని అడుగుడు. బిడ్డ చెప్పుచుండగా మధ్యలో అడ్డు రాకుడు. "ఆయ్, అదండి" అని మన గోదావరి యాసలో చెప్పినచో నవ్వకుడు. ఒక్క నవ్వుతో ఆ నోరు ఏడాదిపాటు మూతపడును. చెప్పుట ముగిసిన తరువాత, "ఇప్పుడు నాకు చెప్పినదానినే కాగితముపై పెట్టు"మనుడు. వ్రాయుచున్నంతసేపు వాని భుజము మీదుగా తొంగిచూడకుడు. మీరును ఒక కాగితము తీసికొని ఏదేని వ్రాసికొనుచుండుడు. పెద్దవారు కూడ కొట్టివేసి మరల వ్రాయుదురని బిడ్డ చూచుట మంచిది.

వ్రాసిన తరువాత బిగ్గరగా చదివింపుడు. సగము తప్పులు వాని చెవియే పట్టుకొనును. కర్త యొకచోట, క్రియ యొకచోట పోయిన వాక్యము చదువునప్పుడు తడబడును. తడబడినచోట తానే ఆగి దిద్దుకొనును. అప్పుడు మీరు ఒక ప్రశ్న అడుగుడు. తప్పునుగూర్చి గాదు, విషయమునుగూర్చి. "వరద వచ్చెను, మేము గట్టుమీదికి పోతిమి అని వ్రాసితివి. గేదెల నేమి చేసితిరి?" అని అడిగినచో బిడ్డ కన్నులు వెలుగును. గేదెల కథయే అసలు కథ, అది వ్రాయదగినదని వానికి తోచలేదు. రెండవమారు వ్రాసినప్పుడు గేదెలు వచ్చును, వాక్యములు నాలుగునుండి పండ్రెండగును. వ్రాతకు ప్రాణము పోయునది ఇట్టి ప్రశ్నయే గాని ఎఱ్ఱసిరా గాదు.

అక్షరదోషముల మాటయేమి? దిద్దవలసినదే. కాని నాటికి ఒక్క జాతి దోషమునే దిద్దుడు. ఒకనాడు ఒత్తులు: "పాఠశాల"కు "పాటశాల" యనియు, "భాష"కు "బాష" యనియు వ్రాయుదురు. (పాటశాల యన్న మాట చూచి కోపించుటకంటె, అది పాటలు పాడుకొను చోటగును గదా యని ఇద్దరును నవ్వుకొనుట మేలు, అట్టి ఒత్తును బిడ్డ మరువడు.) ఒకనాడు ల, ళ భేదము: "వెళ్ళాడు" అనునది "వెల్లాడు" అగుచుండును. ఒకనాడు దీర్ఘములు. ఒకనాడు వాక్యము ఎచ్చట ముగియవలెనను సంగతి. ఏడు జాతుల తప్పులకు ఒకేమారు గీతలు పెట్టిన కాగితమును చూచిన బిడ్డ తనకు తెలుగు రాదని నిశ్చయించుకొనును. ఆ నిశ్చయము తప్పులన్నింటికంటె పెద్ద తప్పు.

అన్నింటికంటె ప్రమాదకరమైనది ఉదారుడైన బోధకుడు బిడ్డకు బదులు తాను వ్రాసిపెట్టుట. బిడ్డ తడబడుచున్నాడు, సమయము మించుచున్నది, మనకు చక్కని వాక్యము నోటికి వచ్చినది. చెప్పివేయుదుము, బిడ్డ ఎక్కించుకొనును. కాగితము అందమగును. ఇక్కడ ఆయ్దక్కి లక్కమ్మను స్మరింపుడు. ఆమె భర్త మారయ్య వీథులలో రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చు కాయకము గలవాడు. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నిత్యము వచ్చునది మనకు చాలునుగదా, ఈ అధికము మనది కాదు, తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. ఇల్లు నిండుట ఆమెకు ప్రధానము కాలేదు. తమ శ్రమకు చెందనిది లోపలికి రాకుండుట ప్రధానమైనది. మన నోటి వాక్యము బిడ్డ పుస్తకములో అట్టి అధికపు బియ్యము. ఎంత మంచి బియ్యమైనను తిరిగి పోయవలసినదే. వంకరగా ఉన్నను వాని వాక్యము వానిదిగా నుండనిండు.

ఇది యంత్రములు వ్యాసములు వ్రాసిపెట్టు కాలము. చేతిఫోనులో అడిగినచో నిమిషములో పుట నిండును, అందు ఒత్తు తప్పదు. ఇక వ్రాత ఎందుకని యువకులడుగుచున్నారు. నా సమాధాన మొక్కటే: మీ లింగమునకు మీకు బదులుగా పొరుగువాడు పూజ చేసినచో సరిపోవునా? యంత్రము అక్షరదోషము దిద్దినచో నాకు అభ్యంతరము లేదు. గేదెల సంగతి దానికి తెలియదు.

"మేము ఉపాధ్యాయులము కాము, మావలన నగునా?" అనువారు కలరు. 1789 తరువాత ఆండ్రూ బెల్ అను స్కాట్లండుదేశపు మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమును నడుపుచు, వీథిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన యొద్దనున్న ఎనిమిదేండ్ల బాలునిచేతనే చిన్నవారికి అక్షరములు నేర్పించెను. 1797లో దానినిగూర్చి పుస్తకము ప్రకటింపగా ఆ పద్ధతి మద్రాసు పద్ధతియను పేర ఇంగ్లండున వ్యాపించినది. ఎనిమిదేండ్లవాడు చేసినది పింఛను పుచ్చుకొనుచున్న తహశీలుదారు చేయలేడా? అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ అను విద్యావేత్త 1984లో ఒక పరిశీలనను ప్రకటించెను. ఒక్కరికొకరుగా చెప్పించుకొన్న సామాన్య విద్యార్థి, ముప్పదిమందితో కలిసి వినిన తరగతిలోని నూటికి తొంబదియెనిమిది మందిని మించెనని దాని సారాంశము. అంతటి ఫలము ఎల్లచోట్లను కనబడలేదని తరువాతి పరిశోధకులు తగ్గించి చెప్పిరి. సగమే నిజమనుకొన్నను తక్కువా? ఆ దేశముననే శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 2002లో డేవ్ ఎగ్గర్స్ అను రచయితయు, నినివే కాలెగారి అను ఉపాధ్యాయినియు వలెన్షియా వీథిలో 826వ నెంబరు ఇంట ఇట్టి కేంద్రము తెరచిరి. ఊరివారు స్వచ్ఛందముగా వచ్చి బడిపిల్లల ప్రక్కన కూర్చుండి వ్రాయింతురు. ఆ వీథిలో అంగడి ఉండి తీరవలెనను నిబంధన ఉండుటచే వారు ముందుగదిలో ఓడదొంగలకు కావలసిన సామానుల దుకాణము వేడుకగా పెట్టిరట! మనకు అట్టి ఇబ్బంది లేదు. మఠపు వసారా కలదు, దేవాలయ మంటపము కలదు, గ్రంథాలయపు బల్ల కలదు. మన ప్రభుత్వపు 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము అక్షరము వచ్చిన ప్రతివాడును ఒక్క బిడ్డకు చదువు నేర్పుటకు పూనుకొన్నచో దేశము మారునని స్పష్టముగా చెప్పినది. ఉత్తరువు మీద ఉత్తరువు వచ్చుట కెదురు చూడనక్కరలేదు.

వ్రాతవలన ఏమి ఒరుగునని పెదవి విరుచువారికి నెల్లూరు జిల్లా దూబగుంటను చూపుదును. 1990ల ఆరంభమున అక్షరాస్యతోద్యమములో రాత్రిబడులలో స్వచ్ఛంద బోధకులు పల్లెస్త్రీలకు చదువు చెప్పిరి. వాచకములో సీతమ్మ కథ యను పాఠముండెను. సారావలన కూలిన సంసారము, స్త్రీలు కలిసి అంగడి మూయించుట అందలి విషయము. చదివినవారు అది తమ కథయే యనుకొనిరి. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. అక్షరము నేర్పినవారు ఉద్యమము నేర్పలేదు. తమ బ్రతుకు కాగితముపై కనబడగానే ఆ స్త్రీలే తక్కినది చేసికొనిరి. మన జిల్లాలలో కౌలురైతు బిడ్డ తండ్రి పంట మునిగిన సంగతి తానే అర్జీగా వ్రాయగలిగినచో, ఆఫీసు మెట్లమీద కూర్చున్న వ్రాతగానికి డబ్బిచ్చి, తాను చెప్పనిమాట క్రింద వ్రేలిముద్ర వేయవలసిన పని యుండదు.

కావున శరణులారా, ముఖ్యముగా ఉద్యోగవిరమణ చేసినవారలారా, మధ్యాహ్నము తీరిక గల తల్లులారా, కళాశాలలో చదువుచున్న యువకులారా! ఒక్కొక్కరు ఒక్కొక్క బిడ్డను ఎన్నుకొనుడు. మన కులమువారి బిడ్డ యగునా కాదా యని అడుగకుడు. అడిగినచో బసవేశ్వరుల పేరెత్తుటకు మనకు అర్హత లేదు. బడి ప్రధానోపాధ్యాయునితోను, బిడ్డ తల్లిదండ్రులతోను ముందుగా మాటలాడి ఒప్పించుకొనుడు. నలుగురు తిరుగు చోట, తలుపులు తెరచియున్న చోట కూర్చుండుడు. తల్లిదండ్రులెవరైన వచ్చి చూచినచో సంతోషింపుడు. రుసుము పుచ్చుకొనకుడు, కొబ్బరికాయ సైతము వలదు. చెప్పిన వారమున చెప్పిన గంటకు వెళ్ళుడు. మూడు వారములు వచ్చి మానివేయు బోధకునికంటె అసలు రానివాడు మేలు. ఎదురుచూచి మోసపోయిన బిడ్డ ఇంకొకరిని నమ్మడు.

తీసికొని పోవలసినవి గీతల కాగితములు, రెండు పెన్సిళ్ళు. ఎఱ్ఱసిరా కలము ఇంటనే ఉంచుడు. మొదటినాడు బిడ్డ వ్రాసిన కాగితమును, అది రెండే వాక్యములైనను, దిద్దకుండ తేదీ వేయించి, క్రింద బిడ్డ పేరు వ్రాయించి, మీ యొద్ద భద్రపరుపుడు. ఆరుమాసములు గడచిన తరువాత ఆనాటి వ్రాతను దాని ప్రక్కన పెట్టి, రెంటిని బిడ్డచేతికే ఇచ్చి, తేడా ఏమున్నదో వానినే చెప్పనిండు.